ప్రెసిడెంటు చేసిన పనులు

సాంబమూర్తికి ఒళ్లు మండిపోతోంది. గని గేటు ముందు మైకు పట్టుకుని అరగంట గొంతు చించుకున్నాడు. ఒక్కడు చప్పట్లు కొడితే ఒట్టు. మొదటి షిఫ్టు కార్మికులు టిఫిన్ డబ్బాలు పట్టుకుని, రాని బస్సు కోసం నిలబడ్డవాళ్లలా విన్నారు. సైరన్ మోగగానే లోపలికి వెళ్లిపోయారు.

పినపాక దాటాక అడవి అంచున ఉన్న ఆ బొగ్గు గనిలో సాంబమూర్తి కార్మిక సంఘం ప్రెసిడెంటు. మళ్లీ ఎన్నికలొచ్చాయి. గెలిస్తే కుర్చీ ఉంటుంది. ఓడితే సోమవారం నుంచి అందరిలాగే టోపీ లైటు పెట్టుకుని గనిలోకి దిగాలి. ఆయన మోకాళ్లు ఇంటి గడప దాటడానికే మూలుగుతున్నాయి. ఆ భయం ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ మోకాళ్లకు రోజూ నూనె రాసే భార్య రోజారాణికి మాత్రం చెప్పక్కర్లేదు.

పోటీ చేస్తున్నవాడు చందూలాల్. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన కుర్రాడు. ఎవరికీ ఒక్క పని చేసిపెట్టిన పాపాన పోలేదు. తనకొక్క అవకాశం ఇవ్వమంటాడు, అంతే వాడి ప్రసంగం. దానికి ఈలలు.

సాంబమూర్తి మాత్రం తను చేసిన పనులు చెప్పే ఓటడుగుతానని భీష్మించుకున్నాడు. పనుల్లో వంక పెట్టడానికి లేదు మరి. ప్రేమ్‌సాగర్ తల్లికి పక్షవాతం వస్తే, ఆఫీసు గడప అరిగేలా తిరిగి అతని పని చేయించాడు. పిల్లల చదువు ఆగమైపోతోందని పూల్‌సింగ్ కళ్లనీళ్లు పెట్టుకుంటే పెద్దసార్ల కాళ్లావేళ్లా పడ్డాడు. విడాకుల దాకా వెళ్లిన దేవ్‌సింగ్ సంసారాన్ని నిలబెట్టాడు. ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు, ఆ మాట చందూలాల్ కూడా కాదనడు. పని అయిన రోజున ఒక్కొక్కరూ ఆ గేటు దగ్గరే ఆయనకు శాలువా కప్పి, కళ్లు తుడుచుకుంటూ దండం పెట్టి వెళ్లారు. ఇంట్లో బీరువా తెరిస్తే ఆ శాలువాలే మీద పడతాయి.

"చేసినయి చెప్పుకోవుడు బంద్ జెయ్" అంది రోజారాణి అన్నం వడ్డిస్తూ. "నీ ముందల ఉన్నోళ్లకు ఏం గావాల్నో అడుగు."

"చెప్పకుంటె ఎట్ల తెలుస్తది? గాళ్లకు చేసినోడు మనకు గూడ చేస్తడని నమ్మాలె గదా."

ఆడవాళ్లకు రాజకీయం ఏం తెలుస్తుందని చెయ్యి కడుక్కుని లేచాడు.

మర్నాటి మీటింగులో పేర్లు ఇంకా పెంచాడు. ప్రేమ్‌సాగర్‌ను అడగండి, పూల్‌సింగ్‌ను అడగండి, దేవ్‌సింగ్‌ను అడగండి అని వేలు ఊపి మరీ చెప్పాడు. పేరు వినబడ్డప్పుడల్లా ముందువరసలో మొహాలు ముడుచుకుపోయాయి. ఒకడు పక్కకు తిరిగి ఉమ్మేశాడు. సాటివాడు బాగుపడితే ఓర్వలేని జనం అనుకుని సాంబమూర్తి పళ్లు కొరుక్కున్నాడు.

మైకు సర్దేది, జెండాలు కట్టేది, జీపు నడిపేది అన్నీ వీరేందరే. ఎన్నేళ్లుగానో మెస్సు కూడు తిని కడుపు పాడుచేసుకుంటూ, సాంబమూర్తినే నమ్ముకున్న మనిషి. జీపు ఎక్కుతుంటే మెల్లగా కదిపాడు.

"అన్నా, నా సంగతి. మా హర్షిత ఫోన్ జేసినప్పుడల్ల అయిందా అయిందా అని అడుగుతాంది."

"గెలిచినంక ముందుగాల నీదే" అన్నాడు సాంబమూర్తి.

కిందటి ఎన్నికలప్పుడు కూడా భార్యకు వీరేందర్ ఆ మాటే చెప్పుకోవలసి వచ్చింది. గేరు మార్చి జీపు ముందుకు పోనిచ్చాడు.

ఆ సాయంత్రం సాంబమూర్తికి ఫోన్లే ఫోన్లు. ప్రేమ్‌సాగర్ తల్లి లేచి నాలుగడుగులు వేస్తోందట, రోజూ ఈయన పేరే తలుచుకుంటోందట. దేవ్‌సింగ్‌కు కొడుకు పుట్టాడట. నీలాంటి ప్రెసిడెంటు మళ్లీ పుట్టడని ఇద్దరూ ఒకే మాట. సాంబమూర్తికి ప్రాణం లేచొచ్చింది. చప్పట్లదేముంది, మనసులో ఉంటే చాలు. రోజారాణికి వినబడేలా ఫోన్ స్పీకర్‌లో పెట్టి మరీ మాట్లాడాడు.

పోలింగ్ రోజున టెంటు ముందు నిలబడి వచ్చినవాళ్లందరికీ చేతులు జోడించాడు. అందరూ ఆయన మోకాళ్ల గురించి అడిగి, నవ్వుతూనే లోపలికి వెళ్లారు.

లెక్కింపు చప్పున ముగిసింది. చందూలాల్ మెడ కనబడకుండా దండలు పడ్డాయి. సాంబమూర్తి ఓట్ల కట్ట ఎంత పలచగా ఉందంటే, ఎన్నికల ఆఫీసరే మొహమాటపడి ఇంకోసారి లెక్కపెట్టించాడు.

టెంటులోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు సాంబమూర్తి. ఇన్నాళ్లూ తిరిగిన తిరుగుడంతా బూడిదలో పోసిన పన్నీరు. ఏడుపు రావలసిన చోట కోపమే వస్తోంది. అంతలో ఫోన్ మోగింది. పూల్‌సింగ్. సంగతి తెలిసి అవతల వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఓడిపోయిన మనిషే అతన్ని ఓదార్చి ఫోన్ పెట్టేశాడు.

వీరేందర్ జెండా కర్రలు పీకి కట్ట కడుతున్నాడు. సాంబమూర్తి ఉక్రోషమంతా అతని ముందు వెళ్లగక్కాడు.

"ఈ మనుషులకు విశ్వాసం లేదురా. అందరి సంగతి ఇడిసిపెట్టు, నేను పని చేసిపెట్టినోళ్ల ఓట్లన్న నాకు పడాలె గదా. అవన్ని యాడికి పోయినయ్?"

వీరేందర్ తాడు బిగించి ముడి వేశాడు. తలెత్తలేదు.

"వాళ్ల ఓట్లు వాళ్ల దగ్గర్నే పైలంగ ఉన్నయన్నా, నువ్వే గదా ఒక్కొక్కరిని ట్రాన్స్‌ఫర్ చేయించి సొంతూరి గనికి తోలిస్తివి, ఇక్కడ ఓటేసింది నీతోని పని కానోళ్లమే."