చిక్కుడు తోటలో ఒక మూల

“పురుగులకి కాస్త ఉంచండమ్మా.”

పళ్లు లేని నోటి నుంచి వచ్చిన ఆ మాట, రైతు భార్య చెవిలో పెరుగై తోడుకుంది. గిన్నెడు తెచ్చి ఇచ్చింది.

గుమ్మంలో నిలబడ్డ, ఊరికి కొత్తగా వచ్చిన ముసలాయన గిన్నె వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. చిటికెన వేలు లేని చేత్తో అందుకుని తాగేశాడు.

ఆ రోజు నుంచి ఆయన పెరుగు తాత.

రోజూ వచ్చేవాడు. గిన్నెతో వెళ్లి, తోట మూల పిచ్చిమొక్కలు మొలిచిన మంచమంత జాగా పక్కన గొంతుక్కూర్చునేవాడు.

“ఈ మూల దున్నకు బాబూ. ఆకుల రసం పీల్చే పేనుబంకని తినే పురుగులు ఇందులోనే కాపురం పెడతాయి.”

“అద్దె ఎవరిస్తారు తాతా?” రైతు నవ్వబోయి ఆగాడు. “మా నాన్న పురుగుమందు కొడుతూ ఇక్కడే పడి ప్రాణం వదిలాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి ఇటు రాబుద్ధి కాదు.”

తాత తాగుతున్న గిన్నె కింద పెట్టేశాడు.

ఓ ఉదయం చిక్కుడాకుల మీద నల్లగా, ముళ్లముళ్లుగా, నారింజ చుక్కలతో ఏవో పాకుతున్నాయి. కొత్త తెగులనుకున్న రైతు పంపు ఎత్తుకుని ఆకులూ, ఆ మూలా కలిపి తడిపేశాడు.

పెరుగు తాత పరుగు తాత అయ్యాడు.

“పిల్లలయ్యా అవి. ఎర్ర రెక్కల మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగు పిల్లలు.”

“పిల్లలే ఇలా ఉంటే పెద్దయ్యాక తోటంతా మేసేస్తాయి.”

“అవి మేసేది పేనుబంకని బాబూ.”

రైతు వినలేదు. అక్షింతల పురుగులను కాపాడబోయినాయనకు తలనిండా అక్షింతలు వేశాడు. “మళ్లీ ఈ గట్టెక్కావో, మర్యాద దక్కదు.”

తాత చచ్చిన పిల్లల్ని ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు.

“పంపు ఎత్తినప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకో బాబూ.”

అంతే. మళ్లీ రాలేదు.

పదిహేను రోజుల్లో పేనుబంక పందిరంతా కమ్మేసింది. నాలుగుసార్లు మందు కొట్టినా దులుపుకుని లేచింది. పంపు అందని చివర ఒక్క తీగె మాత్రం పచ్చగా ఉంది. దాని మీద అవే నల్ల పిల్లలు, పేనుబంకను నములుతూ.

రైతు పంపు దించి, భార్యను కేకేశాడు.

భార్యాభర్తలు గిన్నె పట్టుకుని, బజారు వెనక తాత అద్దెకున్న గది వెతుక్కుంటూ వెళ్లారు. వాకిట్లో ఇరుగుపొరుగు గుంపుగా ఉన్నారు. మంచం ఖాళీ.

“నిన్ననే కన్నుమూశాడు” అంది ఇంటావిడ. “గిన్నెలో ఏంటమ్మా?”

“పెరుగు. ఆయనకి ఇష్టమని.”

“ఇష్టమా? పెరుగు ఆయనకి పడనే పడదు. రోజూ ఎక్కడో తాగొచ్చి, కడుపు పట్టుకుని ముడుచుకు పడుకునేవాడు. ఎందుకయ్యా అంటే, పెట్టిన చెయ్యిని కాదనలేనమ్మా అనేవాడు.”

రైతు భార్యకు మొదటి రోజు గుర్తొచ్చింది. వాకిట్లో అందరికీ ఏడుస్తూనే చెప్పింది.

“ఆయన అడిగింది పెరుగు కాదు. పురుగులకి కాస్త చోటు.”

ఇంటావిడ దిండు కింద దొరికిన పాత ఫోటో తెచ్చి రైతుకిచ్చింది. “అచ్చం నీ పోలికే. మీవాళ్లా?”

అదే తోట, అదే మూల. ముక్కుకి గుడ్డ లేకుండా నవ్వుతున్న నాన్న వీపుకి, పురుగుమందుల కంపెనీ టోపీ పెట్టుకున్న ఒకతను కొత్త పంపు కడుతున్నాడు, చిటికెన వేలు లేని చేత్తో.