నాలుగు రోజుల ముందు

“అతుకు వదిలిందమ్మా” అన్నాడు సర్జన్, మాస్కు కిందికి లాగి.

ఆమె బట్టలు కుట్టి బతికే మనిషి. అతుకు వదలడమంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. అయినా ఆయన చెప్పాడు. ఆమె భర్తకి కేన్సర్ గడ్డ ఉన్న అన్నవాహికను కోసి తీసేశారు. పొట్టను గొట్టంలా మలిచి పైకి లాగి మెడ దగ్గర కలిపారు. ఐదో రోజుకి ఆ కలిపిన చోటే లీకు. దానికి తోడు న్యుమోనియా.

“ఆపరేషన్ బాగా జరిగిందన్నారు కదా సార్?”

“బాగానే జరిగింది. కానీ ఈ రెండూ కలిసి వస్తే తట్టుకోవడం కష్టం. గట్టెక్కినవాళ్ళున్నారు, ఎక్కనివాళ్ళూ ఉన్నారు. మీకు అబద్ధం చెప్పలేను.”

నాలుగింటికి బాబాయ్ వచ్చాడు. సొంత బాబాయ్ కాదు. ఆపరేషన్ రోజున వరండా బెంచీ మీద కలిసిన వడ్రంగి, అరవై దాటినవాడు. ఆయన భార్యకీ అదే జబ్బు, అదే సర్జన్, అదే కోత. కాకపోతే నాలుగు రోజుల ముందు. ఆవిడకీ లీకయింది, న్యుమోనియా వచ్చింది, ఊపిరికి మిషను పెట్టారు. ఆడవాళ్ళ విభాగం పైఅంతస్తులో. రోగికి ఒక్కటే పాసు కాబట్టి ఈమె ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు.

ఈయనకి ఐదో రోజంటే ఆవిడకి తొమ్మిదో రోజు. బాబాయ్ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఈమె వెక్కుతూ డాక్టరన్నదంతా చెప్పింది.

“పిన్నికెలా ఉంది బాబాయ్?”

“మీ పిన్నికా...” ఆయన గొంతు సవరించుకున్నాడు. “జ్వరం పోయిందమ్మాయ్. ఒళ్ళు చల్లబడింది. మిషను కూడా తీసేశారు.”

“నిజంగా?”

ఆయన తలూపాడు. ఆమె ఆ ముసలాయన చేతులు పట్టుకుని మళ్ళీ ఏడ్చింది. ఇది వేరే ఏడుపు. ఆయనా ఏడ్చాడు.

సాయంత్రం ఐదింటికి పది నిమిషాలు లోపలికి వెళ్ళనిస్తారు. ఆమె భర్త బస్సు కండక్టర్. ముందు మెట్టు మీద నుంచుని అరిస్తే వెనక సీట్లో నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చునే గొంతు. ఇప్పుడు మాట రాక, పలక మీద వంకరటింకర అక్షరాలు: ‘ఇక చాలు. వదిలెయ్.’

“అలా అనకండి. పైన పిన్ని గట్టెక్కింది. మనకన్నా నాలుగు రోజులు ముందుంది, అంతే. నాలుగు రోజులు ఓర్చుకోండి.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కానీ పలక మీది అక్షరాలు తనే చెరిపేశాడు.

మర్నాడు బాబాయ్ వస్తూనే అన్నాడు. “ఇవాళ లేచి కూర్చుంది. కూర్చోగానే నన్ను తిట్టింది, గడ్డం గీసుకోలేదని.”

“అప్పుడే మాటొచ్చిందా?”

“తిట్టొచ్చింది. మాట ఇంకా రావాలి.”

ఇన్ని రోజుల్లో ఆమె మొదటిసారి నవ్వింది. ఆ సంగతి చెబితే లోపల భర్త కూడా పెదవి కదిపాడు. ఆనాటి నుంచి పలక మీద ముందు పడే మాట ఒక్కటే: ‘పిన్ని?’ పిన్ని కూర్చుందంటే తనూ కూర్చోబోయేవాడు. పిన్ని గోడ పట్టుకుని నాలుగడుగులు వేసిందంటే తను ఐదు వేస్తానని వేళ్ళు చూపించేవాడు.

పన్నెండో రోజు జ్వరం మళ్ళీ ఎగబాకింది. ఆమె బెంచీ మీద కుప్పకూలింది.

“ఇక నావల్ల కాదు బాబాయ్.”

“జిగురు ఆరేదాకా చెక్కని కదపం కదా? ఒళ్ళూ అంతే. దాని టైము దానికివ్వాలి. మీ పిన్నికీ ఇలాగే జ్వరం తిరగబెట్టింది. భయపడతావని నీకు చెప్పలేదు.”

పద్దెనిమిదో రోజున ఆయన కొత్త కబురు తెచ్చాడు. లీకు మూసుకుందట. పిన్ని నీళ్ళు తాగిందట, మూడు చెంచాలు.

“ఎలా తాగింది? ఆయనకి చెప్పాలి.”

ఆయన చెయ్యి నోటిదాకా ఎత్తి, కళ్ళు మూసుకుని, మెల్లగా గుటక వేసి చూపించాడు. కణత మీద నరం ఉబ్బింది. “ఇలాగ” అన్నాడు. “తాగి, నాకేసి చూసి నవ్వింది.”

సరిగ్గా నాలుగు రోజులకి కండక్టరు మూడు చెంచాల నీళ్ళు తాగాడు. నర్సులు చప్పట్లు కొట్టారు.

ముప్ఫై ఒకటో రోజు పొద్దున సర్జన్ కాగితాల మీద సంతకం పెడుతూ అన్నాడు. “ఇంత దెబ్బతిన్న ఒంటికి ముందు ముందు కూడా రిస్కు ఎక్కువే. జ్వరమొచ్చినా దగ్గొచ్చినా ఆలస్యం చెయ్యొద్దు. ఇవాళ్టికి మాత్రం సంతోషంగా వెళ్ళండి.”

భర్త బొంగురుగా అన్నాడు. “ముందు పిన్నిని చూసిరా. గెలిచానని చెప్పు.”

బాబాయ్ వచ్చేది నాలుగింటికి. అప్పటిదాకా ఉండే వీల్లేదు. పిన్ని మెడ మీది కోత కనబడకుండా కట్టుకునేందుకు రాత్రి తన చేత్తో కుట్టిన మెత్తటి నూలు గుడ్డ పట్టుకుని ఆమె పైఅంతస్తుకి పరుగుతీసింది.

“వడ్రంగాయన భార్య ఏ మంచం సిస్టర్? మాకన్నా నాలుగు రోజుల ముందు ఆపరేషన్ అయింది.”

నర్సు ఆ గుడ్డకేసి చూసింది. కుర్చీలోంచి లేచొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“ఆవిడ తొమ్మిదో రోజే పోయిందమ్మా.”