చేతుల నొప్పి

"చేతులు లాగేస్తున్నాయన్నయ్యా," అంది చెల్లెలు, బండి మీంచి పార్సిళ్ల సంచీ దింపుతూ.

బండి అతనిదే. దాని మీద నుంచి పడి విరిగిన కాలు ఎప్పుడో అతుక్కుంది. అయినా అతను బండిని ముట్టుకోలేదు, గుమ్మం దాటలేదు. గదిలోనే కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాడు. ఇప్పుడు ఆ బండి మీదే చెల్లెలు ఇంటింటికీ పార్సిళ్లు అందిస్తోంది.

"నిన్ననే చెప్పానుగా. బరువంతా హ్యాండిల్ మీద వెయ్యకు. మోకాళ్లతో ట్యాంకును పట్టుకో. మోచేతులు కాస్త వంచు," అన్నాడు గుమ్మంలోంచి.

ఆమె వీధి చివరిదాకా నడిపి వచ్చింది. "ఊహూఁ. భుజాల దాకా పాకుతోంది."

"భుజాలు చెవులకు తగిలించుకుని కూర్చుంటే పాకదా మరి?" అతను మెట్టు దిగాడు. మళ్లీ ఎక్కాడు. మళ్లీ దిగి, గేటు దాకా వచ్చాడు. "మణికట్టు వంచొద్దు. అబ్బ, అలా కాదే."

"మరెలాగో నాకు తెలియట్లేదు."

"వెనక్కి జరుగు."

అతను ముందు కూర్చుని తాళం తిప్పాడు. మొదటి మలుపులో అతను కొయ్యలా బిగుసుకుపోయాడు. తర్వాతి మలుపుకి మోచేతులు వదులయ్యాయి. వీధి చివర ఆగుతాడనుకుంటే, ఆగకుండా పెద్ద రోడ్డెక్కాడు.

"ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు, గాలికి గొంతు పెంచి.

నిజానికి అతను చెప్పినట్టు కూర్చున్న కాసేపటికే, నిన్ననే, ఆమె నొప్పి పోయింది.

"ఇంకా సరిగ్గా పట్టుబడలేదన్నయ్యా," అంది, అతని చొక్కా పట్టుకుని. "ఇంకొంచెం దూరం పోనియ్."