టోక్యో జోడీదారుడు

శనివారం పొద్దున సందీప్ గేమింగ్ డబ్బా బుస్సుమని పొగ వదిలి ప్రాణం విడిచింది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఫైనల్. జంటలుగా ఆడే ఆన్‌లైన్ పోటీ. ఆర్నెల్ల కష్టం. సందీప్‌కు ఏడుపొక్కటే తక్కువ.

ఆ పోటీ జపాన్‌లో ఉన్నవాళ్లకే. సందీప్ ఉన్నది నంద్యాలలో. అందుకే వీపీఎన్ పెట్టుకున్నాడు. అది ఉంటే మనిషి నంద్యాలలో కూర్చున్నా, పోటీ నడిపేవాళ్లకు టోక్యోలో ఉన్నట్టే కనిపిస్తాడు.

వీపీఎన్ నేరుగా డబ్బాలోకి ఎక్కదు కాబట్టి ఇంటి వైఫైకే ఎక్కించాడు. దాంతో ఇల్లు ఇల్లంతా జపాన్ చేరింది.

"ఏందిరా ఇది? ఉగ్గాని చేసే వంట వీడియో పెడితే నడుమ జపానోడొచ్చి సబ్బు అమ్ముతాండాడు!" అని తల్లి ఉమామహేశ్వరమ్మ రోజూ తిట్టేది.

సందీప్ అన్నీ భరించాడు, సమురాయ్ కోసం.

సమురాయ్ అతని జోడీదారుడు. టోక్యో మనిషి. ముఖం చూడలేదు, గొంతు వినలేదు. సందీప్ తెలుగులో రాసింది ఫోను జపాన్ భాషలోకి మార్చి పంపేది. అక్కణ్ణుంచి వచ్చింది తెలుగులోకి మార్చి చూపించేది.

అతని ఆట చూసి సందీప్ దండం పెట్టేవాడు. గెలిచిన ప్రతిసారీ "అంతా మీ దయ గురువుగారూ" అని రాసేవాడు.

ఫోనులో వెతగ్గా వెతగ్గా, అదే రకం డబ్బా ఆళ్లగడ్డలో అమ్మకానికి కనిపించింది. పరుగున వెళ్లి బస్సెక్కాడు.

తలుపు తీసింది దేవదానం. టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన. లుంగీ, లావాటి కళ్లద్దాలు.

"మా పాప జెస్సీ కొనిచ్చినాది. ఇంక చాల్లే అని అమ్ముతాండా. అయితే సోమవారం రాప్పా. రేపు ఆదివారం నాకు ఇది కావాల."

"ఆదివారం మీరు చర్చికి పోతారు. ఇది ఊరికేనే కదా సారూ పడుండేది!"

"చర్చి పొద్దున్నే అయిపోతాదిలే."

సందీప్ ఆయన చేతులు పట్టుకున్నాడు.

"రేపు నాకు ఫైనలుండాది సారూ. నా జోడీదారుడు సమురాయ్ అని, టోక్యో ఆయన. నేను పోకుంటే ఆయప్పను నట్టేట ముంచినట్టే."

దేవదానం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని సందీప్‌ను ఎగాదిగా చూశాడు.

"అంత బాగా ఆడతాడా ఆయప్ప?"

"దేవుడు సారూ! మనోళ్లు ఆయన కాలిగోటికి సరిపోరు. ఆ ఓపిక, ఆ పద్ధతి జపాన్ నీళ్లలోనే ఉండాది."

పెద్దాయన మీసాల్లోనే నవ్వుకున్నాడు.

"ఒక పని చేద్దామా? డబ్బాను ఈడనే ఉండనీ. రేపు నువ్వే రా. ఇద్దరం పక్కపక్కన కూసొని ఆడదాం."

సందీప్‌కు నవ్వాగలేదు.

"మీతోనా? ఇదేమన్నా పులిజూదమా సారూ? ఈ ముసలాయన ఎవరని సమురాయ్ అడిగితే నేనేం చెప్పాల?"

దేవదానం ముఖం చిన్నబోయింది. అది చూసి సందీప్‌కూ తప్పనిపించింది. కానీ బస్సుకు టైమవుతోంది.

"అబ్బాయ్, ఒక మాట..."

"మాటలన్నీ సోమవారం ఫోన్లో సారూ! బస్సు పోతాది. ఇస్తారా, ఇయ్యరా?"

సందీప్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దాయన ఆ కళ్లకేసి చూసి నిట్టూర్చాడు.

"తీస్కపో నాయనా. నువ్వు ఆడాల."

లోపలికెళ్లి, డబ్బాలో తన వివరాలు చెరిపేసి, తువ్వాలులో పసిబిడ్డలా చుట్టి తెచ్చి ఇచ్చాడు. చెప్పిన రేటులో సగమే తీసుకున్నాడు.

బేరమాడకుండానే రేటు తగ్గింది. తన మాటకారితనానికి తనే మురిసిపోతూ సందీప్ నంద్యాల చేరాడు.

ఆదివారం. మూడింటికి పది నిమిషాలుంది. డబ్బా సిద్ధం, టోక్యో సిద్ధం. కొడుకు ఆట చూద్దామని ఉమామహేశ్వరమ్మ కూడా వచ్చి కూర్చుంది.

సమురాయ్ జాడ లేదు.

ఏ రోజైనా తనకంటే ముందే వచ్చి కూర్చునే మనిషి! మూడింటికల్లా జోడీ లేకపోతే ఆడకుండానే ఓడిపోయినట్టు.

"జపానోళ్లు గడియారం తప్పరంటివి కదరా?" అంది తల్లి.

ఇంకా అయిదు నిమిషాలే మిగిలింది. సందీప్ ఫోనులో రాశాడు.

"గురువుగారూ, ఎక్కడున్నారు? త్వరగా రండి. మీరు లేకపోతే నేను లేను!"

జవాబు వెంటనే వచ్చింది, ఆర్నెల్లలో మొట్టమొదటిసారి ఫోను మార్చే పని లేకుండా నేరుగా తెలుగులోనే:

"యాడికి రావాలప్పా? నా డబ్బా నువ్వే ఎత్తుకపోతివి కదా!"