పున్నమి నాటి విస్తరి

"కొయ్యొద్దంటండీ. తలా తోకా ఉండాలంట."

ఆటో సూర్యప్రకాష్ మాటకి దుర్గ కత్తిపీట పక్కకి జరిపింది. పొద్దున్నే బోణీ, కాదనేదేముంది! వెనక నిలబడ్డ కొరియా ఆవిడ బొచ్చెచేపని రెండు చేతులా అందుకుని నడుం వంచింది.

ఇవాళ వాళ్ళకి పంటల పండగట. కొత్త బియ్యప్పిండితో నెలవంకల్లాంటి కుడుములు చేసి, పోయినవాళ్ళ పేరు కాయితం మీద రాసి, పెద్దలకి పెట్టుకుంటారట. నిరుడు ఈ ఊళ్ళో పనిచేసి వెళ్ళిందట, పండక్కి పనిగట్టుకుని మళ్ళీ వచ్చిందట. పూజయ్యాక ఎవరిదో ఇల్లు వెతకాలట, మధ్యాహ్నానికి విమానమట. అదంతా ఏకరువు పెట్టి సూర్యప్రకాష్ టీకి పోయాడు.

దుర్గ సగమే విన్నది. ఆమె కళ్ళు ఎప్పుడూ భవానీపురం రేవు మీదే.

నిరుటి వరదలో ఆమె మొగుడు చిట్టిబాబు మేడల మీద చిక్కినవాళ్ళని పడవలో చేరవేశాడు. ఆఖరున ఎవరో ఆడమనిషిని ఈ రేవులోనే దించి, మళ్ళీ వెళ్ళాడు. అంతే. మనిషి శవమై దొరికాడు, పడవ అసలే దొరకలేదు. లోపలి చెక్క మీద తన పేరు రాసుకుని, కింద రెండు తోకల చేప గీసుకున్న పడవ. ఎక్కి కూర్చున్నవాళ్ళకి తప్ప అది కనబడేది కాదు.

మార్కెట్‌కి మారమని అందరూ పోరినా దుర్గ కదల్లేదు. ఆ దిగిన మనిషి ఎప్పటికైనా ఇక్కడికి రాకపోదు. ఆ మొహం ఒక్కసారి చూడాలి. అదే ఆమె పంతం.

బేరం లేక తల తిప్పి చూస్తే, రేవు మెట్ల మీద విస్తరి. కుడుములు, తను అమ్మిన చేప, ఒక కాయితం. కొరియా ఆవిడ అగ్గిపుల్ల గీస్తోంది.

దుర్గకి ఒళ్ళు మండింది. పెద్దల అమావాస్య వెళ్ళి పదిహేను రోజులైంది. పున్నానికి పెట్టడమేంటి? అదీ బోణీ చేపతో! చేతబడి కాక ఇంకేంటి?

"లెగు. నా మొగుణ్ణి మింగిన నీళ్ళివి. ఇక్కడ ఇట్టాంటియ్యి చెయ్యనివ్వను."

ఆవిడ ఫోన్ తీసి ఏదో చూపించబోయింది. దుర్గ ఆ చెయ్యి తోసేసి, విస్తరిని కాలితో ఏట్లోకి నెట్టేసింది.

ఆవిడ ఏటి వైపు తిరిగి తల నేలకి ఆనించి మొక్కింది. కళ్ళు తుడుచుకుంటూ మెట్లెక్కింది. ఇక ఇల్లు వెతకడం మాట ఎత్తలేదేమో, ఆటో తిన్నగా గన్నవరం దారి పట్టింది.

పీడ పోయిందనుకుంటూ దుర్గ పసుపునీళ్ళు చల్లింది. మెట్టు సందులో ఇరుక్కున్న కాయితాన్ని చింపి పారేద్దామని లాగింది.

పైన ఏదో తెలియని రాత. కింద, తెలుగు రాని చెయ్యి ఒక్కో గీతే గుర్తు తెచ్చుకుని దించిన అక్షరాలు: చిట్టిబాబు. ఆ కింద రెండు తోకల చేప.