సోమవారం వైవా

"సోమవారం పదకొండింటికి యూనివర్సిటీలో నా పీహెచ్‌డీ వైవా ఉందండీ. ఒక్కరోజు సెలవు కావాలి," అన్నాడు లెక్చరర్ ఫిలిప్.

ప్రిన్సిపాల్ గోవర్ధనరావు తల అడ్డంగా ఊపారు. "ఆ రోజే ఇన్‌స్పెక్షన్ కదండీ! మన కాలేజీలో డాక్టరేట్ ఉన్నవాళ్ళే లేరని కిందటేడు రాసిపోయారు. మీరు కదిలితే ఎలా?"

వేసవులన్నీ బంటుమిల్లి చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగి కాలేజీకి పిల్లల్ని పోగుచేస్తూ, ఆదివారాలు చర్చి మానుకుని రాసిన థీసిస్ అది.

సోమవారం ఫిలిప్ గది తలుపుకి కొత్త బోర్డు కనబడింది: 'డాక్టర్ ఎం. ఫిలిప్, పరిశోధన విభాగాధిపతి'.

సరిగ్గా పదకొండింటికి ఇన్‌స్పెక్షన్ కమిటీ పెద్దాయన ఆ బోర్డు చదివి, ఫిలిప్‌తో చెయ్యి కలిపాడు. "అభినందనలండీ. వైవా ఎప్పుడైంది?"

ఫిలిప్ నోరు తెరిచేలోగా గోవర్ధనరావు అందుకున్నారు. "ఈమధ్యేనండీ. సెలవిచ్చి, కాలేజీ కారిచ్చి మరీ పంపించాం."