ఒడెట్ పట్టిన నీళ్లు

విస్కాన్సిన్‌లో మా ఊరి ఏరు చూస్తే చాలు, ఆ రోజు మిల్లులో కాగితానికి ఏ రంగు వేస్తున్నారో చెప్పేయొచ్చు. 1970 వసంతంలో ఒకరోజు ఏరు ఎర్రగా పారుతోంది. పక్కింటి ఒడెట్ ఆ నీళ్లు సీసాలో పట్టుకొచ్చి, పరీక్షకు పంపుతానంది.

"మిల్లు మూయించి మమ్మల్ని అడుక్కుతినమంటావా తల్లీ?" అన్నాను.

"అడుక్కుతినడానికైనా బతికుండాలి కదయ్యా ఆర్మాండ్!" అని సీసా గుమ్మం దగ్గర పెట్టి లోపలికెళ్లింది.

ఆవిడ కోటు వేసుకొచ్చేలోగా ఆ నీళ్లు పారబోసి, మా వంటింటి కుళాయి నీళ్లు నింపి, రంగుకి రెండు చుక్కలు బీట్‌రూట్ రసం కలిపాను. నీళ్లు శుభ్రమని తేలితే ఊరంతా ఆవిడ మొహమ్మీద నవ్వాలని నా సరదా.

నెల తిరక్కుండా చర్చి హాల్లో ఊరి సభ. ఒడెట్ లేచి చెప్పింది. "ఈ నీళ్లలో పాదరసం ఉందట. పసివాళ్లకు ఒక్క గుక్క కూడా పట్టకూడదట."

"ఏట్లో నీళ్లు ఎవడు తాగుతాడమ్మా!" అన్నాడు మిల్లు మేస్త్రీ.

హాలంతా గొల్లున నవ్వింది. నేను కోరుకున్న నవ్వే.

పక్కనే మా ఆవిడ ఒళ్లో మనవరాలు పాలు తాగుతోంది. పాలపొడి కలిపింది మా కుళాయి నీళ్లతోనే.

పాలసీసా లాగేసుకున్నాను. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. నవ్వులు ఆగిపోయాయి, అందరూ నావైపు తిరిగారు.

"మేం తాగుతున్నాం," అన్నాను.